పెండ్లికి పోయిన కుర్చీ

పాత పటాలను శుభ్రం చేయడం నా ఉద్యోగం అంటే మా చుట్టాల్లో సగం మందికి నమ్మకం కుదరలేదు. దానికి కూడా సర్కారు జీతం ఇస్తుందా అని అడిగేవాళ్లు. మిగతా సగం మంది బాగా నమ్మారు. నమ్మి, దసరాకు ముందు నన్ను ఇంటికి పిలిచి, టీ పోసి, దేవుడి గదిలో పటాలన్నీ తుడిపించుకున్నారు. ఇప్పుడు రిటైరై నిజామాబాద్‌లో ఇంటి పట్టునే ఉంటున్నా ఆ పిలుపులు మాత్రం ఆగలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవం చెప్పండి" అంటారు. రంగుల గురించి, మందునీళ్ల గురించి నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. అందుకని నేను బోధన్ కుర్చీ కథ చెబుతాను. మొదట మర్యాదకు వింటారు, తర్వాత పనులు మానుకుని వింటారు. మీరూ కాస్త కాళ్లు చాపుకుని కూర్చోండి.

బోధన్ పొలిమేరలో, చెరుకు తోటల మధ్య ఒక పాత బంగళా ఉంది. ముందు కాలువ పారుతుంది. నిజాం కాలంలో ఎవరో దొరగారు విదేశాలు తిరిగి వచ్చి కట్టించుకున్నాడట. తర్వాత సర్కారు చేతికి వచ్చింది. దాన్ని చిన్న మ్యూజియం చేద్దామన్న ఆలోచన పుట్టగానే, హాల్లో వేలాడుతున్న పెద్ద నూనెరంగుల పటాన్ని బాగుచేయడానికి నన్ను పంపారు. ఆ పటం మీద ఎంత మసి పట్టిందంటే, అది అడవి దృశ్యమని కొందరూ, వానాకాలపు రాత్రి అని కొందరూ అనుకునేవారు.

పుల్లకు దూది చుట్టి, మందులో ముంచి, అరచేతంత మేర తుడుచుకుంటూ పోయాను. మొదట ఒక చిలుక బయటపడింది. తర్వాత ఇత్తడి దీపపు స్తంభం, నగిషీ చెక్కిన సందుక, బల్ల మీద పరిచిన తివాచీ. వాటి నడుమ పచ్చటి పట్టుగౌను వేసుకుని, చేతులకు సింహాలు చెక్కిన కుర్చీలో వెనక్కి వాలి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న ఒక ఇటలీ అమ్మాయి. ఆమె నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. కింద మూలన సంతకం కనిపించేసరికి నిచ్చెన మీద నుంచి పడబోయి, చిలుకను పట్టుకోబోయి, అది పటంలోదని గుర్తొచ్చి నిలదొక్కుకున్నాను.

ఆ సంతకం నాకు తెలిసినవాడిదే. శిక్షణ రోజుల్లో అతని గురించి చదివాను. పేరు చెప్పను, చెప్పినా నేను పలికే తీరుకు అతనే గుర్తుపట్టలేడు. పంతొమ్మిదో శతాబ్దపు ఇటలీ మనిషి. వడ్రంగి కొడుకు. దేవదూతల బొమ్మలు వేద్దామని చర్చిల చుట్టూ తిరిగితే, "నీ దేవదూతల కంటే వాళ్లు కూర్చున్న బల్లలే బాగున్నాయి" అని తిప్పి పంపేశారట. మనవాడు ఏడుస్తూ కూర్చోలేదు. చితికిపోయిన జమీందారీ ఇళ్లలో పాత కుర్చీలు, దీపాలు, తివాచీలు కొని, వాటితో ఒక దుకాణం పెట్టాడు. దుకాణం వెనక గదిలో ఆ సామాన్లన్నీ అమర్చి, మధ్యలో ఒక మనిషిని నిలబెట్టి బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. పటం కొన్నవాడు ఇంటికి వెళ్లి నాలుగు రోజులు దాన్ని చూసి చూసి, మళ్లీ వచ్చి, "ఆ దీపం కూడా ఇస్తావా?" అని అడిగేవాడు. ఇవ్వడానికే కదా దుకాణం!

అతనిలో నాకు నచ్చే గుణం ఇంకొకటి ఉంది. అమ్మేవాడైనా అబద్ధం వేసేవాడు కాదు. వస్తువుకు చీలిక ఉంటే చీలిక వేసేవాడు, తివాచీకి చిరుగు ఉంటే చిరుగు వేసేవాడు. మొహాలు మాత్రం అతని చేతికి లొంగలేదు. అతని పటాల్లో రాజుకూ పనిమనిషికీ ఒకే మొహం. అందుకే ఈ నవ్వే అమ్మాయిని చూసి ఆశ్చర్యపోయాను. జీవితంలో ఒక్కసారి మొహం కుదిరినట్టుంది, అది మన బోధన్‌కు వచ్చింది.

ఆ సంతోషంలో నాకు ఒళ్లు తెలియలేదు. బంగళా అంతా పరుగెత్తాను. ఇత్తడి స్తంభం మెట్ల కింద ఉంది. సందుక వంటగదిలో ఉంది, అందులో చౌకీదారు పెసర్లు పోసుకున్నాడు. అంటే దొరగారు పటంతో పాటు సామాన్లూ కొనుక్కొచ్చాడన్నమాట! మా ఆఫీసర్ సారు అప్పుడే వచ్చాడు. కొత్తగా పరీక్ష పాసై వచ్చిన కుర్రవాడు, చొక్కా మడత నలగనివ్వడు, మాట తప్పనివ్వడు. మంచివాడే. ఆయన ముందు గంతులేసినంత పని చేసి, "సార్, ఈ సింహాల కుర్చీ కూడా ఈ బంగళాలోనే ఉండాలి!" అని అరిచాను.

"ఉండాలి కదా మేడమ్," అన్నాడు ఆయన చుట్టూ చూసి. "మరి ఎక్కడుంది?"

అందరం చౌకీదారు వైపు తిరిగాం. వయసు మీద పడిన మనిషి, ఆ నెలాఖరుకు రిటైర్ కాబోతున్నాడు. పెళ్లాం పోయాక ఆ బంగళానే కాపురంగా బతికినవాడు. నేను అన్న అని పిలిచేదాన్ని. ఎవరేం అడిగినా లేదనడం అతనికి చేతకాదు. బంగళా మామిడికాయలు ఊరివే, బావి నీళ్లు ఊరివే, నిచ్చెన ఎప్పుడూ ఎవరింట్లోనో ఉండేది.

"కుర్చీ ఉన్నది సార్," అన్నాడు చేతులు కట్టుకుని. "గీడ లేదు. పెండ్లికి పోయింది."

"ఎవరి పెళ్లికి?"

"గది తెల్వది సార్."

"ఎప్పుడు వెళ్లింది?"

"మస్తు దినాలాయె. మా చెల్లె లగ్గమప్పుడు పోయింది."

చెల్లెలికి అప్పటికే మనవలున్నారు. ఆఫీసర్ సారు మొహం ఎర్రబడింది. పెద్దవాళ్లను వేళాకోళం చేసే మనిషి కాదు గానీ, చౌకీదారే తనను వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడు. మ్యూజియం సంగతి తేల్చడానికి హైదరాబాద్ నుంచి పెద్ద సారు ఆ శుక్రవారం సాయంత్రం వస్తున్నాడు. ఆలోగా కుర్చీ రాకపోతే పోలీసులకు రాసిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఆ మాట మా కంటే ముందు ఊరికి చేరింది. మర్నాడు టీకొట్టు దగ్గర ఎవరో "కుర్చీ దొంగ" అన్నారట. చౌకీదారు అన్న టీ తాగకుండానే తిరిగొచ్చి, బంగళా వెనక మెట్ల మీద కూర్చున్నాడు.

"మేడమ్, నేను దొంగనా?" అని అడిగాడు నన్ను.

సర్కారులో ఎవరికీ గుర్తులేని కుర్చీని మసిలో నుంచి బయటికి తీసింది నేను, గంతులేసి అరిచింది నేను. ఇతను కన్నబిడ్డలా చూసుకున్న బంగళా నుంచి దొంగ పేరుతో బయటికి పోతే నా మొహం ఎక్కడ దాచుకోవాలి? "లేవన్నా, వెతుకుదాం పద," అన్నాను.

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. పెళ్లికి ముందు పసుపు పూసి పెళ్లికూతురిని చేయడాన్ని మా వైపు పిల్లను చేసుడు అంటారు. చెల్లెలిని చేసినప్పుడు కూర్చోబెట్టడానికి ఇతను బంగళా కుర్చీ తీసుకెళ్లాడు. అది చూసి వియ్యాలవారు వాళ్ల పిల్లకూ కావాలన్నారు. అక్కడి నుంచి ఇంకొకరు. సింహం అమ్మవారి వాహనం కదా, ఆ కుర్చీలో పిల్లను చేస్తే కాపురం సల్లగుంటదని పేరొచ్చింది. ఎవరింట్లో తర్వాతి లగ్గం ఉంటే వాళ్లు ట్రాక్టర్ వేసుకుని వచ్చి ఎత్తుకుపోవడమే. అడ్డు చెప్పేవాడు లేడు, దాచుకున్నవాడూ లేడు. ఇతను తీసుకురావడానికి పోయిన ప్రతిసారీ ఏదో ఒక ఇంట్లో పందిరి వేసి ఉండేది. "పెండ్లి ఇంట్ల నుంచి కుర్చీ ఎట్ల గుంజుకొస్త మేడమ్?" అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే జీపు ఎక్కాం. మా డ్రైవర్ భోజనప్రియుడు, పెళ్లిళ్ల వెంట పడే పని అనగానే స్నానం చేసి కొత్త చొక్కా వేసుకొచ్చాడు. నిజాంసాగర్ కాలువ వెంట చెల్లెలి ఊరు మొదలుకొని అడుగుతూ పోయాం. అక్కడ గారెలు పెట్టి, కుర్చీ కమ్మర్‌పల్లి పోయిందన్నారు. కమ్మర్‌పల్లిలో దుబాయ్ నుంచి వచ్చినవాళ్ల మూడంతస్తుల ఇల్లు. వాళ్లు లడ్డూలు పెట్టి, మా సోఫాలకు మ్యాచ్ కావాలని కుర్చీకి వెండిరంగు వేయించినం అని గర్వంగా చెప్పారు. నా గుండె గుభేలుమంది. లడ్డూ మాత్రం బాగుంది.

"ఇప్పుడెక్కడుంది తల్లీ?"

"సిరికొండకు పాయె ఆంటీ. మా వదినె వాళ్ల మేనమామ బిడ్డకు."

సిరికొండ గుట్టల్లో దారి సగం రాళ్లు, సగం మేకలు. చేరేసరికి మధ్యాహ్నం. ఆ ఇంట్లో పెళ్లి అయిపోయి, కొత్త దంపతులు వాకిట్లో మక్క కంకులు ఒలుస్తున్నారు. "అయ్యో, నిన్ననే పాయె! బోధన్ ట్రాక్టరొచ్చి తీస్కపోయింది. కూసోండ్రి, అన్నం తినిపోండ్రి," అన్నారు. డ్రైవర్ అప్పటికే కూర్చున్నాడు.

"బోధన్‌ల ఎవలింటికి?" అని చౌకీదారు అన్న అడిగాడు.

"గా కాలువ పొంటి పాత బంగళా లేదా? దాని ఎనుక ఇల్లు."

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జిల్లా అంతా తిరిగింది మేము, కుర్చీ మా పెరటి గోడ అవతల ఉంది! డ్రైవర్‌కు మొదట నవ్వొచ్చింది, తర్వాత నాకు, ఆఖరికి చౌకీదారు అన్నకు. ఎన్నాళ్లకో నవ్వినట్టు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కానీ వాళ్లు చెప్పిన ఇంకో మాటకు నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రమే పిల్లను చేసుకుని, వెంటనే కుర్చీని బార్డర్ అవతలికి, మహారాష్ట్ర చుట్టాలకు ఇచ్చేస్తారట. అటు పోయిందంటే ఇక మన చేతికి రాదు. జీపు సిరికొండ గుట్టలు దిగిన వేగానికి తిన్నదంతా మళ్లీ గుర్తొచ్చింది.

బంగళా వెనక ఇంట్లో డీజే మోగుతోంది. పందిరి కింద ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పసుపు చల్లుకుంటున్నారు. మధ్యలో వెండిరంగు కుర్చీ. అందులో తల నుంచి పాదాల దాకా పసుపు పూసుకుని, చేతిలో అడకత్తెర పట్టుకుని, పెళ్లికూతురు. మందుల దుకాణంలో పనిచేసే పిల్ల, నా బీపీ మాత్రలు ఆమె దగ్గరే కొన్నాను. విషయం చెవిలో చెప్పాను. ఆమె చౌకీదారు అన్న వైపు చూసింది.

"తాతను దొంగ అన్నది గీ కుర్చీ కోసమా?" అంది. "తీస్కపోండ్రి మేడమ్. గని స్నానం పొయ్యకముందే లేస్తే మా అవ్వ నన్ను సంపుతది. నన్ను గూడ ఎత్తుకపోండ్రి."

అవ్వ రంకెలు వేసింది. "పసుపు పూసినంక పిల్ల పొలిమేర దాటుతదా? ఏమన్న బుద్ధున్నదా?"

"బంగళా మన పొలిమేరల్నే ఉన్నది గదనే అవ్వా! రా, నువ్వు గూడ ట్రాక్టరెక్కు."

అవ్వ కొంచెం ఆలోచించింది. ఆ బంగళాలోకి పుట్టి బుద్ధెరిగి అడుగు పెట్టలేదట. చీర కొంగు దోపి, అందరికంటే ముందు తనే ఎక్కింది. చెరుకు మోసే ట్రాలీ మీద సింహాల కుర్చీ, కుర్చీలో పచ్చటి పిల్ల, చుట్టూ పాడుతున్న ఆడవాళ్లు, వెనక డీజే బండి. గోడ ఇవతలికి రావడానికి ఊరంతా చుట్టి వచ్చాం.

పెద్ద సారు అప్పటికే హాల్లో పటం ముందు నిలబడి ఉన్నాడు. పక్కన మా ఆఫీసర్ సారు తలవంచుకుని కుర్చీ పోయిన వైనం చెబుతున్నాడు. కిటికీ అద్దాలు డీజేకు గడగడలాడాయి. తలుపులు తెరుచుకుని కుర్చీ లోపలికి వచ్చింది, పిల్లతో సహా. సరిగ్గా పటం కింద దించారు. పైన పచ్చటి గౌనులో ఇటలీ అమ్మాయి, కింద పచ్చటి పసుపులో మా బోధన్ అమ్మాయి. పైనున్నామె ఎందుకు నవ్వుతోందో తెలియదు గానీ, పెద్ద సారు నోరు తెరుచుకున్న తీరు చూసి కిందున్నామె మాత్రం పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

ఆఫీసర్ సారు పటాన్ని చూశాడు, కుర్చీని చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "మేడమ్, పటంలో కుడిచేతి సింహానికి ముక్కు లేదు. విరిగి ఉంది. ఈ సింహానికి ముక్కుంది," అన్నాడు. ఆయన తప్పు పట్టాలని అనలేదు, ఉన్నమాటే అన్నాడు. "విరిగింది తిరిగి మొలవదు కదా. ఇది ఆ కుర్చీ కాదు."

డీజే ఆగింది. చౌకీదారు అన్న గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారిపోయాడు.

నేను కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆ చిత్రకారుడు అబద్ధం వేయడు. అతని పటం ముక్కు లేదంటే లేదు. మరి ఇదేమిటి? ఎడమ సింహానిది కోటేరేసిన ముక్కు. కుడి సింహానిది వంకాయంత ముక్కు. పైనున్న తాజా పసుపు తుడిచి చూస్తే, అంచున వెండిరంగు పగిలి, లోపల కూడా పచ్చగా కనిపించింది. వాసన చూశాను. సంచిలో నుంచి దూది, మందు, సన్నటి కత్తి తీశాను.

"ఓ అమ్మో! సింహానికి ముక్కు గోస్తున్నదే!" అని అవ్వ గుండెలు బాదుకుంది.

వెండిరంగు పోయింది. దాని కింద పసుపు. దాని కింద కుంకుమ. మళ్లీ పసుపు, మళ్లీ కుంకుమ, నూనెతో తడిసి గట్టిపడి, పొర మీద పొర. పిల్లకు పూసే ముందు మొదటి పసుపు సింహానికి పెట్టాలట. అమ్మవారి వాహనం కదా! పెట్టేది కుడిచేత్తో, కుడి సింహానికి. ముక్కు లేని బొమ్మ అరిష్టమని, ఉండాల్సిన చోట చూసి మరీ పెట్టారు. ఇన్ని ఇళ్ల ఆడవాళ్లు ఒక్కొక్క చిటికెడు పెట్టుకుంటూ, విరిగిన చోట నిక్షేపంలాంటి ముక్కు మొలిపించారు. చివరి పొర రాలగానే, కింద అరిగిపోయిన పాత కర్ర విరుపు బయటపడింది. పటంలో ఎలా ఉందో అలాగే, పక్కనున్న సన్నటి చీలికతో సహా.

పెద్ద సారు వంగి పైకీ కిందికీ చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆఫీసర్ సారు నవ్వలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, చౌకీదారు అన్నను చేయిపట్టి లేపాడు. "నేను తప్పు మాట అన్నాను, క్షమించండి," అన్నాడు.

"గట్ల శెవుల శెప్తె ఎట్ల సారూ?" అంది పెళ్లికూతురు కుర్చీలో నుంచే. "దొంగ అన్నది ఊరంత ఇన్నది. గిది గూడ ఊరంత ఇనాలె."

డీజే కుర్రాడు మైకు అందించాడు. మడత నలగని చొక్కా వేసుకున్న ఆ ఆఫీసర్ మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, చెరుకు తోటలన్నీ మోగేలా, "ఈయన దొంగ కాదు!" అన్నాడు. ఆడవాళ్లు ఈలలు వేశారు. ఎవరో ఆయన రెండు చెంపలకూ పసుపు పూశారు. నేనైతే నిలబడ్డచోటే ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను, ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

అప్పుడే గేటు దగ్గర ఒక టెంపో ఆగింది. బార్డర్ అవతలి నుంచి వచ్చినవాళ్లు. పెద్ద తలపాగా ఆయన లోపలికి తొంగిచూసి, "క్యా అన్నా, ఖుర్చీ ఖాళీ అయిందా? రేపు మా పోరిని చేసేది ఉన్నది," అన్నాడు.

ఆఫీసర్ పెద్ద సారును చూశాడు. పెద్ద సారు నన్ను చూశాడు. నేను చౌకీదారు అన్నను చూశాను. అతని పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. జన్మలో ఎన్నడూ అనని మాట కదా.

"ఇయ్య," అన్నాడు చివరికి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించినట్టుంది, ఇంకోసారి అని చూసుకున్నాడు. "ఇయ్య అంటే ఇయ్య! గిది బంగళా కుర్చీ."

తలపాగా ఆయన మొహం చిన్నబోయింది. అది చూసి మా అన్న నిమిషం కూడా తట్టుకోలేకపోయాడు. ఎదురెళ్లి ఆయన భుజం మీద చేయి వేశాడు.

"గట్ల మొకం పెట్టకు పటేలా. రేపు పొద్దుగాల పోరినే ఈడికి తోల్కరా. పసుపు జర ఎక్కువ తెచ్చుకో. మా మేడమ్ ముక్కు గోసింది, మల్ల మొదటికెల్లి పెట్టాలె."